వెంట్రుక లేస్తే దయ్యం, లేకుంటే ఎలుగుబంటి

దయ్యాల కొంప వెనక, రేకుల గది

బండక్కా,

బొద్దింక దండాలు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావని తెలుసు. చేశానుగా! ఇటు జెయింట్ వీల్ ఎక్కినవాళ్ళ కేకలు, అటు మీ ఆఫీసులో 'నిశ్శబ్దం' బోర్డు. నేను గొంతు చించుకున్నాను, నువ్వు గుసగుసలాడావు, ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

అక్కా, నా ఉద్యోగం ఊడేలా ఉంది. ఊడితే ఊడింది, ఇంకోటి వెతుక్కోవచ్చు. కానీ ఊడడం కాదు, మారుస్తారట. అది ఇంకా ఘోరం. మొత్తం చెప్తాను విను.

మా హారర్ హౌస్‌లో నాది మూడో మలుపు. మొదటి మలుపులో అస్థిపంజరం ఉంటుంది. నల్ల బట్టల మీద తెల్ల ఎముకలు కుట్టుకున్న ఆవిడ, మంచి మనిషి, ఖాళీ దొరికితే స్వెట్టర్ అల్లుతుంది. రెండో మలుపులో తలుపు దానంతటదే కిర్రుమంటుంది. మూడో మలుపులో నేను. ముఖానికి సున్నం రంగు, మూతికి ఎర్ర రంగు, ఒంటికి చిరిగిన దుప్పటి. చీకట్లోంచి దూకి "హా!" అనాలి. అంటున్నాను. జనం నవ్వుతున్నారు!

మొన్న ఒక ముసలావిడ ఆగి, "ఇంత ఉక్కలో ఆ దుప్పటేంటి నాయనా" అని తన సీసాలో నీళ్ళు తాగించి వెళ్ళింది. ఒక చంటిది నా చెయ్యి పట్టుకుని ఊపింది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి, నా చేతికి కెమెరా ఇచ్చి, "అన్నా, మా ఇద్దరికీ ఒకటి తియ్యవా" అన్నారు. తీశాను. బాగానే వచ్చింది కూడా.

మా యజమానురాలిని ముందర మేడమ్ అంటాం, వెనక పెద్ద దయ్యం అంటాం. నిన్న పిలిచి, "ఈ సీజన్ అయ్యేలోపు నీ మలుపులో ఒక్క మనిషికైనా వెంట్రుకలు లేవాలి. లేవకపోతే గేటు దగ్గర ఎలుగుబంటి వేషం వేసుకుని బెలూన్లు పంచుదువుగాని" అంది.

అక్కా, ఆ ఎలుగుబంటి వేషం వాసన నీకు తెలీదు. దాన్ని చూస్తే అస్థిపంజరమే ముక్కు మూసుకుంటుంది. కానీ నా బాధ వాసన గురించి కాదు. మనింట్లో పిరికివాడు ఎవరంటే అందరి వేళ్ళూ నావైపే. బొద్దింకని చూసి భోజనాల బల్ల ఎక్కి, సాయంత్రం దాకా దిగనందుకు నాకు ఈ పేరు. దాన్ని కాగితంలో చుట్టి కిటికీలోంచి పారేసి, ఏమీ జరగనట్టు లెక్కలు చేసుకున్నందుకు నీకు ఆ పేరు. పుట్టినప్పటి నుంచీ నేనే భయపడుతున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నన్ను చూసి ఇంకెవరైనా భయపడాలి. ఆ ఒక్క కోరిక తీరకుండా ఎలుగుబంటినైపోతే ఇంక నేను ఎందుకూ పనికిరాను.

ఇప్పుడు అసలు విషయం. మా బోర్డు మీద 'హారర్' అని ఇంత లావు అక్షరాలతో ఉంది. రోజూ దాని కిందనుంచే వెళ్తాను. దానికి అసలు అర్థం ఏంటి? ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వు ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసే చోటే కదా పని చేసేది. చేసే పని పేరుకే నాకు అర్థం తెలీకపోతే ఇంక ఎలా భయపెడతాను? వెంటనే రాయి.

నీ తమ్ముడు,
ప్రస్తుతానికి దయ్యం


నిఘంటువు ఆఫీసు, మేడమీది గది

ఒరేయ్ బొద్దింకా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి పైకి నవ్వేశాను. 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చునే పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకుడు, కళ్ళజోడు పైనుంచి చూశాడు. నీకు నీళ్ళు తాగించిన ముసలావిడకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు. నువ్వు చిన్నప్పటి నుంచీ నీళ్ళు సరిగ్గా తాగవు.

నీ అదృష్టం బాగుంది. మేం ఇప్పుడు సరిగ్గా ఆ అక్షరంలోనే ఉన్నాం. హారర్ నా బల్ల మీదే ఉంది.

విను. అది లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని మూలానికి అర్థం నిక్కబొడుచుకోవడం. అంతే! ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడడం, ఒళ్ళు జల్లుమనడం. పంట కంకులు పొలంలో గరుగ్గా పైకి లేచి ఉన్నా ఆ మాటే వాడేవాళ్ళు. పాతకాలం వైద్యులు జ్వరంలో వచ్చే వణుకునీ అదే మాటతో పిలిచారు. భయం అన్న అర్థం దాని వెనకాల వచ్చి చేరింది. ముందు వెంట్రుక లేచింది, తర్వాత దానికి భయం అని పేరు పడింది. మన గగుర్పాటు అన్న మాట ఉంది చూడు, దానికి దగ్గరగా ఉంటుంది.

గమనించావా? అందులో రక్తం లేదు. కోరలు లేవు. దుప్పటి అసలే లేదు. "హా!" అని అరవడం కూడా లేదు. నువ్వు మనుషుల చెవుల మీద పని చేస్తున్నావు. చెయ్యాల్సింది చర్మం మీద. ముందు ఆ మూతి ఎర్రరంగు కడుక్కో.

నాకూ ఒక చిక్కొచ్చి పడింది. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి అర్థానికీ ఒక ఉదాహరణ వాక్యం ఇవ్వాలి. అది కల్పించి రాస్తే పెద్దాయన ఒప్పుకోడు. బతికున్న మనిషి ఎవరో ఒకరు, తనకి జరిగింది, తన నోటితో చెప్పి ఉండాలి. ఎవరన్నారు అని అడుగుతాడు, చెప్పాలి. 'వెంట్రుకలు లేవడం' అన్న పాత అర్థానికి నా దగ్గర వాక్యం లేదు. నాకు జరిగుంటే నేనే రాసేదాన్ని. ఎప్పుడూ జరగలేదు. ఉరుములకి లేవలేదు, పరీక్షల ఫలితాలకి లేవలేదు, పళ్ళ డాక్టరు దగ్గరా లేవలేదు. బండని కదా.

ఇక్కడ ఎండ మండిపోతోంది. మా గదిలో ఫ్యాన్ కాలిపోయింది, బాగుచేసేవాడు రేపు రేపంటున్నాడు. పైగా పుస్తకం అంచుల్లో బొమ్మలు వెయ్యడానికి ఒకాయన్ని కొత్తగా పెట్టారు. నా ఎదురు బల్లే. బొమ్మలాయన అంటున్నాం. పెన్సిళ్ళు కిందపడేస్తూ ఉంటాడు. తీసుకోవడానికి వంగితే జేబులోవి పడతాయి. అవి తీసుకుని లేస్తే తల బల్లకి కొట్టుకుంటుంది. కొట్టుకున్నందుకు బల్లకి క్షమాపణ చెప్తాడు. నిన్న 'గుర్రం' బొమ్మ వేసి నాకు చూపించి, "దీని మొహం మరీ దిగులుగా ఉందంటారా?" అని అడిగాడు. ఉంది. ఉందన్నాను. రోజంతా కూర్చుని దాన్ని నవ్వించాడు. నవ్వే గుర్రం నిఘంటువుకి పనికిరాదని పెద్దాయన కొట్టేస్తే, ఆ కాగితం మడిచి పారెయ్యలేక నా పుస్తకాల మధ్య పెట్టాడు. ఇలాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని పని ఎలా సాగుతుంది చెప్పు.

ఇంక ఉంటాను. దుప్పటి ఉతుక్కో.

అక్క


దయ్యాల కొంప వెనక, రేకుల గది

అక్కా! అక్కా! అక్కా!

నువ్వు బండవి కాదు, బంగారానివి. నీ ఉత్తరాన్ని మా అస్థిపంజరానికి చదివి వినిపించాను. ఆవిడ అల్లిక ఆపి మరీ వింది.

మూతి కడుక్కున్నాను. అరవడం మానేశాను. ముందు ఈ వెంట్రుకల సంగతి నా మీద నేనే పరీక్ష చేసుకుందామని, చీకట్లో నిలబడి, దుమ్ము దులిపే ఈకల కట్టలోంచి ఒక ఈక పీకి, మెడ వెనక నెమ్మదిగా రాసుకున్నాను. రాసుకుంటున్నది నేనే అని తెలుసు. అయినా కెవ్వుమని కేక పెట్టి నా మలుపులో ఉండే శవపేటిక ఎక్కేశాను. అస్థిపంజరం వచ్చి దింపింది. అంటే, పద్ధతి పనిచేస్తోందన్నమాట!

ఇప్పుడు నేనేం చేస్తానంటే, ఏమీ చెయ్యను. అదే కిటుకు. మనుషులు మలుపు తిరుగుతారు, ఏదో దూకుతుందని చూస్తారు, ఏమీ దూకదు. నేను వాళ్ళ వెనకే ఉంటాను. మా కొంపలో చీకటి ఎంత ఉంటుందంటే మొహాలు మాకే కనపడవు. అడుగుల చప్పుడు విని మనిషిని పోల్చుకోవడమే. అడుగు తడబడగానే మెడ మీద ఈక. ఒక్కసారి, అంతే.

నిన్న ఒకాయన "ఇస్స్స్" అని చెయ్యి రుద్దుకున్నాడు. నేను గాల్లో తేలిపోయాను. పరిగెత్తి మేడమ్‌కి చెప్తే, "దోమ కుట్టి ఉంటుంది" అంది. ఇంకొకావిడ వణికింది. "చలి" అంది మేడమ్. ఈ ఎండల్లో చలేంటక్కా?

అప్పుడు నాకు ఒళ్ళు మండి నోరు జారాను. తిట్టకూడదు మరి. "మేడమ్, మా అక్క ఉంది. దేనికీ భయపడదు. పుట్టి ఇన్నేళ్ళలో ఒక్క వెంట్రుక లేవలేదు. ఆవిడ వెంట్రుకలు లేపితే నన్ను దయ్యంగా ఉంచుతారా?" అన్నాను. పెద్ద దయ్యం కుర్చీలో ముందుకి వంగింది. "తీసుకురా. బయటికొచ్చాక టార్చి వేసి, భూతద్దం పెట్టి నేనే చూస్తాను. లేస్తే నువ్వు ఖాయంగా దయ్యం. లేవకపోతే ఆ రోజే ఎలుగుబంటి" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. గదిలోకొచ్చాక గానీ నాకు అర్థం కాలేదు, నా చేతులతో నేనే నా మెడకి ఏం తగిలించుకున్నానో. అక్కా, రావా? ప్లీజ్! మన చిన్నప్పటి బొద్దింకల మీద ఒట్టు, ఇంకెప్పుడూ ఏమీ అడగను.

ఇంకోటి. నేను నా బతుకు గురించి అడిగితే నువ్వు లాటిన్ గురించి ఎంత రాశావో, ఆ పెన్సిళ్ళ మనిషి గురించీ దాదాపు అంతే రాశావు. ఎవరక్కా ఆయన?

నీ తమ్ముడు,
దయ్యమో ఎలుగుబంటో నీ చేతిలో, అంటే నీ చేతిమీదే ఉంది


నిఘంటువు ఆఫీసు, మేడమీది గది

ఒరేయ్,

నీకు బుద్ధుందా? నా చేతిమీది వెంట్రుకల్ని నన్నడక్కుండా పందెం కాస్తావా? ఊళ్ళో ఇంత మంది పిరికివాళ్ళుండగా నేనే దొరికానా? పెద్దయ్యాక నీకు కాస్త తెలివి వస్తుందనుకున్నాను. దుప్పటి కప్పుకోవడం ఒక్కటే వచ్చింది.

వస్తాను. కానీ ముందే చెప్తున్నాను, నటించను. వెంట్రుకలు లేస్తే లేచాయంటాను, లేవకపోతే లేవలేదంటాను. నీ ఉద్యోగం పోయినా సరే, అబద్ధం ఆడడం నా వల్ల కాదు. అన్నం పెట్టే పనే అది నాకు. ఒక మాటకి లేని అర్థం అంటగట్టకూడదు.

ఇంక బొమ్మలాయన సంగతి. రాయడానికేమీ లేదు. సహోద్యోగి. హారర్ పక్కన బొమ్మ కావాలి, వెంట్రుకలు నిక్కబొడుచుకున్న చెయ్యి. నమూనా కోసం ఆఫీసులో అందరి చేతులూ చూశాడు. పెద్దాయన చేతిమీద వెంట్రుకలే లేవు. గుమాస్తాగారి చెయ్యి వణుకుతుంది. చివరికి నా బల్ల దగ్గరికి వచ్చి, పెన్సిలు కిందపడేసి, తీసుకుని, "మీకు అభ్యంతరం లేకపోతే..." అన్నాడు. చెయ్యి బల్లమీద పెట్టాను. వెలుతురు సరిగ్గా పడడానికి మణికట్టు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం తిప్పాడు. వెంట్రుకలు లేచాయి. అదేం లేదు, ఫ్యాన్ గాలికి. ఆయనకీ అదే చెప్పాను. ఆయన మాత్రం సంబరపడిపోయి గబగబా గీసేసుకున్నాడు. బొమ్మ బాగా వచ్చింది. అంతే సంగతి.

ఆయన పని ఈ సంపుటంతో అయిపోతుంది. ఆ తర్వాత వేరే ఊళ్ళో ఏదో పిల్లల పుస్తకాల వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతాడట. వెళ్తే వెళ్ళనీ. నాకేంటి.

ఆ మాట మూలం గురించి ఇంకొంచెం వెతికితే, దానికి ఇంకో శాఖ తగిలింది, మనకి బాగా దగ్గరగా ఉన్నది. కానీ అది నీకిప్పుడు అనవసరం. రాయను.

అక్క


దయ్యాల కొంప వెనక, రేకుల గది

మహా గౌరవనీయులైన సహోద్యోగి గారికి,

ఏ ఫ్యాన్ అక్కా?

"మా గదిలో ఫ్యాన్ కాలిపోయింది, బాగుచేసేవాడు రేపు రేపంటున్నాడు." ఇవి నావి కావు, నీ చేత్తో నువ్వు రాసిన ముక్కలు. పోయినసారి ఉత్తరంలో. దిండు కిందనుంచి తీసి మరీ చూశాను. అస్థిపంజరానికి కూడా చూపించాను. ఆవిడ ఎముకలన్నీ కదిలేలా నవ్వింది.

కాలిపోయిన ఫ్యాన్ ఎదుటి మనిషి రెండు వేళ్ళు పెట్టగానే తిరిగిందన్నమాట! ఎంత మంచి మెకానిక్కో! మా రెండో మలుపు తలుపు కూడా పాడైంది, ఆయన్ని పంపిస్తావా?

ఉరుముకి లేవలేదు, పళ్ళ డాక్టరుకి లేవలేదు! హహ్హహ్హా! నాకు ఈ పూట అన్నం అక్కర్లేదు, ఇదే చాలు. పార్కు అంతా గంతులేసుకుంటూ తిరిగాను. బెలూన్లవాడు నాకేమైందని అడిగాడు. "మా అక్కకి ఫ్యాన్ తిరిగింది" అన్నాను.

రెండు టికెట్లు పెడుతున్నాను. రెండూ అంటే రెండే, చింపి ఒకటి పారేస్తే ఊరుకోను. ఆయన్ని తీసుకురా.

నవ్వు ఆపి ఒక్క నిజం రాస్తాను. మేడమ్ ఎలుగుబంటి వేషాన్ని ఉతికించి సరిగ్గా నా గది ముందు తీగ మీద ఆరేసింది. తలుపు తీస్తే అదే కనపడుతోంది, చేతులు చాపి నన్ను రమ్మంటున్నట్టు. నాకు భయం వేస్తోందక్కా. దయ్యాన్ని, నాకే భయం వేస్తోంది.

దాచిన ఆ ఇంకో శాఖ ఏంటో కూడా వచ్చినప్పుడు చెప్పు. నువ్వు దాచావంటే అందులో ఏదో ఉంది.

బొద్దింక


నిఘంటువు ఆఫీసు, మేడమీది గది

ఒరేయ్,

ఫ్యాన్ ఇంకా బాగు కాలేదు.

ఆదివారం వస్తాం.

అక్క


దయ్యాల కొంప వెనక, రేకుల గది

అక్కా,

ఆదివారం నుంచి నాకు నిద్ర లేదు, తిండి లేదు. చెప్పాపెట్టకుండా బస్సెక్కి వెళ్ళిపోయావు. మేడమ్‌ని అడిగితే, "మీ అక్క రాస్తుందిలే" అని కళ్ళెగరేసి పోయింది. ఎలుగుబంటి ఇంకా తీగ మీదే ఉంది. నేను దయ్యాన్నా, ఎలుగుబంటినా? ఎవరో ఒకరు చెప్పండి!

నా వైపు జరిగింది చెప్తాను, నీ వైపు జరిగింది నువ్వు రాయి.

మీరు లోపలికొచ్చారని అస్థిపంజరం దగ్గినప్పుడే తెలిసింది. దగ్గు మా గుర్తు. తర్వాత ఆవిడ వేలు నీ భుజం మీద వేస్తే నువ్వు, "ఈ కుట్టు ఊడొస్తోందండీ, సూది ఉందా?" అన్నావట. ఆవిడ ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతోంది. తలుపు కిర్రుమంది. "నూనె వెయ్యాలి" అన్నావు. నా గుండె అప్పుడే సగం జారిపోయింది.

మలుపు తిరిగారు. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. చిన్నప్పుడు వంటింట్లో నేను దొంగతనంగా ఏదైనా తింటుంటే ఆ అడుగులు వినే కదా డబ్బా మూసేవాణ్ణి. నీ నడక నాకు తెలీదా? మడమ గట్టిగా, వేళ్ళు నెమ్మదిగా. ముందు వస్తున్నవి అవే. వెనక తడబడుతున్నవి ఆయనవి. సరే, ముందుది అక్క, అనుకున్నాను. ఈక పట్టుకుని రెండడుగులు వేశాను.

అప్పుడు నువ్వు ఆగావు. "చెప్పు ఊడింది, మీరు ముందు పదండి" అన్నావని, మీ వెనకే తొంగిచూసిన అస్థిపంజరం తర్వాత చెప్పింది. అంత మెల్లిగా అంటే దయ్యానికి ఎలా వినపడుతుంది? ముందు ఉన్న మెడ నీదే అనుకుని ఈక రాశాను.

ఆ కేక! అక్కా, ఇన్ని రోజుల ఉద్యోగంలో అలాంటి కేక నేను వినలేదు. పార్కు బయట ఐస్‌క్రీం బండివాడు విన్నాడట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కేకకి నేను కేక పెట్టాను. ఇద్దరం కలిసి కాసేపు ఒకే శృతిలో అరిచాం. తర్వాత నేను శవపేటిక ఎక్కాను. ఇది ఎవరికీ చెప్పకు. ఆయన ఎటు పోయాడో తెలీదు. నువ్వు మాత్రం ఆ గోలలో ఒక్క మాట అనలేదు. అదే నాకు వింత. కనీసం "ఒరేయ్ దిగు" అంటావనుకున్నాను.

బయట జరిగింది ఆ పేటిక మీదనుంచే, తెర చాటున విన్నాను. టార్చి నొక్కిన చప్పుడు. మేడమ్ గొంతు, "ఏదీ, చెయ్యి చూపించమ్మా." తర్వాత, "లేచాయి! రెండు చేతులూ! ముళ్ళపందిలా లేచాయి!" నేను శవపేటిక మీదే గంతేశాను. తల పైకప్పుకి కొట్టుకుంది. ఆ నొప్పిలోనే నీ గొంతు వినపడింది, "ఆగండి మేడమ్. అబద్ధం చెప్పలేను."

అంతే. సరిగ్గా అప్పుడే పక్కన పిల్లలెక్కే రైలు బండి కూత పెట్టింది. కూత ఆగి, చెవుల్లో హోరు తగ్గేసరికి అక్కడ అందరూ నవ్వుతున్నారు. ఎందుకో తెలుసుకునేలోపే ఇంకో గుంపు లోపలికొచ్చింది, దిగి నా చోట నిలబడాల్సొచ్చింది.

ఏం చెప్పావే తల్లీ?

నీ తమ్ముడు,
ఏమిటో తెలియనివాడు


నిఘంటువు ఆఫీసు, మేడమీది గది

ఒరేయ్ నా బంగారు బొద్దింకా,

ముందుగా నీకు కావలసింది చెప్తాను, లేకపోతే మిగతాది సరిగ్గా చదవవు. నువ్వు దయ్యానివి. ఖాయం. మూడో మలుపు నీదే.

రాయడం ఆలస్యమైంది, క్షమించు. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నవ్వొచ్చి అక్షరాలు వంకర పోతుంటే ఏం చెయ్యను.

ఆ చీకట్లో నా చెప్పు నిజంగానే ఊడింది. ఆయన్ని ముందు వెళ్ళమన్నాను. పాపం, వెళ్ళాడు. తర్వాత మీ ఇద్దరి కచేరీ. ఆ కేకలో ఆయన వెనక్కి తిరిగి, ఏది దొరికితే అది గట్టిగా పట్టుకున్నాడు. దొరికింది నా చెయ్యి. కేక ఆగిపోయింది, చెయ్యి వదల్లేదు. "మీరేనా?" అన్నాడు. "నేనే" అన్నాను. "ఉండండి, ఇలాగే కాసేపు" అన్నాడు. నేను ఒక్క మాట అనలేదంటావు. అనడానికి నా దగ్గర మాట లేదు. నా దగ్గర! అన్ని అక్షరాల మాటలూ పెట్టెల్లో సర్దుకుని కూర్చునేదాన్ని నేను!

బయటికి వచ్చేసరికి వెంట్రుకలు ఇంకా దిగలేదు. మీ మేడమ్ టార్చి వేసింది, నీ పేరు చెప్పి సంబరపడుతోంది. నోరు మూసుకుంటే నీ ఉద్యోగం నిలబడుతుంది. కానీ అది నువ్వు చెయ్యలేదు కదరా. అప్పుడు నాకు భయం వేసింది. నిజం భయం, నీకెప్పుడూ వేస్తుంది చూడు, అలాంటిది. భోజనాల బల్ల ఉంటే ఎక్కేసేదాన్ని. నిజం చెప్తే నీ కోరిక పోతుంది. పైగా ఆ నిజాన్ని ఆయన ముందే చెప్పాలి. ఆయన నవ్వేస్తే?

రైలు కూత మొదలవుతుండగానే చెప్పేశాను. "ఇవి మీ దయ్యానికి లేవలేదు మేడమ్. ఈయన నా చెయ్యి పట్టుకున్నందుకు లేచాయి. పోయిన నెల కూడా అందుకే లేచాయి. అప్పుడు ఫ్యాన్ లేదు." నా పక్కనున్నవాళ్ళు విన్నారు, నీకే కూతలో కలిసిపోయింది. ఆ కూత ఆగేదాకా ఆయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. ఎంత చిన్న కూతో నీకు తెలుసు, నాకు మాత్రం ఒక సంపుటం అచ్చయినంత సేపు అనిపించింది. కూత ఆగాక తన జేబులోంచి ఒక కాగితం తీశాడు. నా చెయ్యి బొమ్మ, ఆ రోజుది. పుస్తకానికి ఇచ్చింది నకలట, అసలుది తన దగ్గరే పెట్టుకున్నాడు. "నాకూ ఆ రోజు ఫ్యాన్ లేదని తెలుసండీ. మీరు ఉందనేసరికి ఎలా అడగాలో తెలీలేదు" అన్నాడు. అందరూ నవ్వింది అందుకే.

మీ మేడమ్ మాత్రం నవ్వలేదు. "బాగానే ఉంది గానీ, పందెం పందెమే. తమ్ముడు ఓడిపోయాడు" అంది. నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడు ఈయన బొమ్మ జేబులో పెట్టుకోబోతే, పెన్సిళ్ళు పడ్డాయి. తీసుకోవడానికి వంగాడు. మేడమ్ టార్చి వెలుగు మెడ మీద పడింది. భూతద్దం పెట్టి చూసింది. చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని మళ్ళీ చూసింది. ఈక తగిలిన చోటు నుంచి చెవుల దాకా ఒక్క వెంట్రుక పడుకుని లేదట. "ఇది ఎవరు చేశారు?" అంది. "అదేంటో తెలీదండీ, జన్మలో అంత భయపడలేదు. ఇంకోసారి ఆ మలుపుకి నన్ను పంపకండి" అన్నాడు ఆయన, చెమటలు తుడుచుకుంటూ. నిజం చెప్పాడు, చూశావా. నీకోసం కాదు, నిజంగానే.

మేడమ్ టార్చి ఆర్పి, "ఒక్క మనిషి వెంట్రుకలు అడిగాను, ఇద్దరివి లేచాయి. వాడు దయ్యమే" అంది. నిన్ను ఇన్ని రోజులు ఉడికించమని కూడా చెప్పింది, నా నవ్వు వల్ల అదెలాగూ జరిగిపోయింది. ఎలుగుబంటి ఆరాక తీసేస్తుందట.

ఇంక ఆ దాచిన శాఖ. ఇప్పుడు రాస్తాను. ఆ మాట మూలం లాటిన్‌తో ఆగదురా. దాని వెనక ఇంకా పాత వేరు ఒకటి ఉంది. నిక్కబొడుచుకోవడం అని అర్థం. ఆ వేరు నుంచి ఒక కొమ్మ అటు వెళ్ళి హారర్ అయింది. ఇంకో కొమ్మ ఇటు సంస్కృతంలోకి వచ్చి, మన తెలుగులోకి దిగి, ఏమైందో తెలుసా? హర్షం. సంతోషం, ఆనందం, హర్షం. రెండూ అక్కాతమ్ముళ్ళు. వెంట్రుకకి భయమో సంతోషమో తెలీదు, లేచి నిలబడడమొకటే తెలుసు. ఆ సంగతి చదివినరోజే నా చేతికి ఏమైందో నాకు అర్థమైపోయింది. అందుకే నీకు రాయలేదు.

ఉదాహరణ వాక్యం ఇచ్చేశాను. "చీకట్లో ఆయన చెయ్యి పట్టుకోగానే వెంట్రుకలు లేచాయి, భయం మాత్రం ఎక్కడా లేదు." పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "ఎవరమ్మా ఇది అన్నది?" అని అడిగాడు. "నేనేనండీ" అన్నాను. 'నిశ్శబ్దం' బోర్డు కింద అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

పిల్లల పుస్తకాల వాళ్ళకి ఈయన, పని ఇక్కణ్ణుంచే చేసి పంపిస్తానని రాసేశాడు. నవ్వే గుర్రం వాళ్ళకి నచ్చిందట. మిగతాది అమ్మకి ముందు చెప్పి, తర్వాత నీకు రాస్తాను. నువ్వు ముందే చెప్పావో, నిన్ను శవపేటికలో పెట్టి మేకులు కొడతాను.

ఒకే ఒక్క మనిషి నిన్ను చూసి భయపడాలన్నావు కదరా. భయపడ్డాడు. ఆ మనిషి మీ బావ.

అక్క


దయ్యాల కొంప, మూడో మలుపు

అక్కా,

ఉత్తరం ఇక్కడే, టార్చి వెలుగులో చదివాను. చివరి మాట దగ్గర రెండు చేతులమీదా వెంట్రుకలు లేచాయి. అస్థిపంజరం సాక్షి.

మా కొంపలో ఫ్యాన్ అసలే లేదు.

బావకి దండాలు.

దయ్యం